చుట్టుదారియు తప్పుదారియు

నడువవలసిన త్రోవను విడిచి మరియొక త్రోవను పోవువానిని గూర్చి చెప్పుటకు మన తెలుగులో ఎన్ని మాటలున్నవో ఎన్నడైన లెక్కించితిరా? దారి తప్పినాడందుము. పెడదారి పట్టినాడందుము. ప్రక్కదారికి పోయినాడందుము. అడ్డదారి తొక్కినాడందుము. దొడ్డిదారిన వచ్చినాడందుము. చుట్టుదారిన చేరినాడందుము. మాటలలో సూటిదనము లేనివానిని డొంకతిరుగుడు మనిషి అందుము. ఇంటిలోను, వీధిలోను, పంచాయితీలోను, ప్రసంగములలోను ఈ మాటలు దినమునకు ఎన్నిసార్లు వినబడునో చెప్పలేము.

ఇవన్నియు ఒకే కుటుంబపు మాటలని మనము తలంచుదుము గాని అది నిజము కాదు. వీటిలో కొన్ని నడచువానిమీద నేరము మోపును. కొన్ని త్రోవ యొక్క పొడవును మాత్రమే తెలుపును. చుట్టి వచ్చుట వేరు, తప్పిపోవుట వేరు. ఈ రెంటిని ఒకటిగా కలిపివేసిన దినమున మన నోటి మాట ఒకని బ్రదుకుమీద అన్యాయపు తీర్పుగా మారును. కాబట్టి ఈ మాటల చరిత్రను కొంచెము నిదానముగా చూతము.

మంగళగిరి చుట్టునున్న సీమను ఎరిగినవారికి వీటి భావము సులభముగా బోధపడును. గుంటూరు జిల్లా మొదలుకొని ప్రకాశము జిల్లా వైపునకు పోయిన కొలది ప్రత్తియు మిరపయు పండు బయలునేల కనబడును. చాలచోట్ల అది నల్లరేగడి. వేసవిలో ఈ నేల నెఱ్ఱెలు వారును. వానకాలములో ఇదే నేల బంకవలె మారి బండి చక్రమును పట్టుకొని విడువదు. కంకర రోడ్లు పడక పూర్వము ఈ నేలమీద వానకాలపు ప్రయాణము ఎట్టిదో మీరే ఊహించుకొనవచ్చును. దగ్గరి దారి అన్న మాటకు అప్పుడు అర్థము లేదు. ఎద్దులు నడువగలిగినదే దారి, మెరక దొరికినదే త్రోవ.

పొలముల నడుమ బండ్లును పశువులును నడచు ఉమ్మడి దారిని ఈ సీమవారు డొంక అందురు. గోదావరి సీమలో దానినే పుంత అందురు. పొదల గుబురునకు కూడ డొంక అని పేరు కలదు. తీగ లాగిన డొంకంతయు కదలెనను సామెతలోని డొంక అదియే. ఇరుప్రక్కల తుమ్మయు, ముండ్లకంపయు పెరిగిన పొలపుదారికి ఈ పేరు తగినట్లే యున్నది. ఈ డొంక ఎన్నడును సూటిగా పోదు. కొంతదూరము తూర్పునకు పోవును, అంతలో దక్షిణమునకు తిరుగును, మరల వెనుకకు వచ్చినట్లు కనబడును. ఈ తిరుగుడును చూచియే మన పెద్దలు సూటిగా చెప్పని మాటకు డొంకతిరుగుడు అని పేరు పెట్టిరి.

అయితే డొంక ఎందుకు తిరుగును? దానికి వంకర బుద్ధి లేదు. ఒక రైతు చేను అడ్డము వచ్చినచోట గట్టు ప్రక్కగా తిరుగును. మరియొకని దొడ్డి వచ్చినచోట మరల తిరుగును. చెరువు వచ్చినచోట దాని కట్టను చుట్టి పోవును. అనగా డొంక తిరిగిన ప్రతి మలుపునకు ఒక పొరుగువాని హద్దు కారణము. అతని భూమిని గౌరవించుటకే దారి చుట్టు తిరిగినది. ఇప్పుడు అడ్డదారిని చూడుడు. అది పొడవు తగ్గును, నిజమే. గాని అది ఎవని చేనిగుండనో అడ్డముగా పోవును. పూతకు వచ్చిన మిరపతోట నడిమి నుండి ఒకడు నడచినయెడల వాడు తొందరగా ఇల్లు చేరును, తోట యజమానునికి నష్టము మిగులును. అందుచేతనే కాబోలు మనము దారిని నడుతుము గాని అడ్డదారిని తొక్కుదుము. ఆ తొక్కుట అను క్రియలోనే పొరుగువాని పైరు యొక్క మూలుగు వినబడుచున్నది.

చిత్రము చూచితిరా? నేలమీద డొంక న్యాయమైనది, అడ్డదారి అన్యాయమైనది. మనము మాటలలో రెంటిని నిందించుచున్నాము. మాటలో డొంకతిరుగుడు దోషమే, ఎందుకనగా అక్కడ చుట్టి పోవుటకు పొరుగువాని చేను లేదు, దాచవలసిన నిజము మాత్రమే యున్నది. కాని బ్రదుకులో ఎదుటివానిని తొక్కకుండుటకై చుట్టు తిరిగినవానిని డొంకతిరుగుడువాడని అనవచ్చునా?

ఇక తప్పు అను మాటను తీసికొందము. ఇది మన ద్రావిడ భాషల సొంత ధాతువు. తమిళములోను కన్నడములోను కూడ ఉన్నది. గురి నుండి తొలగుట, చేతికి అందకపోవుట దీని మూలార్థము. దీని పిల్లలను చూడుడు. తప్పు అనగా దోషము. తప్పుకొనుట అనగా ప్రక్కకు జరుగుట. తప్పించుకొనుట అనగా ఆపద నుండి బయటపడుట. తప్పక అనగా నిశ్చయముగా. తప్పదు అనగా వేరు గతి లేదు. ఒకే తల్లి కడుపున దోషమును, రక్షణయు, నిశ్చయమును పుట్టినవి! తిరునాళ్లలో తల్లి చేయి విడిచిన బిడ్డను తప్పిపోయిన బిడ్డ అందుము. ఆ బిడ్డ ఏ తప్పును చేయలేదు. అయినను మాట అదియే. లూకా సువార్త 15వ అధ్యాయములోని గొఱ్ఱెను, కుమారుని కూడ మనము తప్పిపోయినవారనియే చెప్పుకొనుచున్నాము. మన భాష ఆ మాటలో నేరమునకంటె ఎక్కువగా ఎడబాటును, వెదకువాని వేదనను నింపినది.

ఇతర భాషలు కూడ ఈ విషయములో మనకు పొరుగుననే యున్నవి. పాత నిబంధనలో పాపమునకు వాడబడిన ముఖ్యమైన హెబ్రీ మాటకు గురి తప్పుట అను అర్థము కలదు. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయములో బెన్యామీనీయుల వడిసెలగాండ్రు గురి తప్పనివారని చెప్పిన చోట కూడ ఆ ధాతువే వాడబడినది. జొన్నచేనిలో మంచె యెక్కి వడిసెల త్రిప్పి పిట్టలను తోలిన మన పల్లెవారికి ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు. గ్రీకు భాషలోని హమార్తియా అను మాటకును గురి తప్పుటయే మూలము. కాబట్టి దారి తప్పినాడని చెప్పునప్పుడు అసలు ప్రశ్న ఎంత దూరము నడచినాడని కాదు, గురి ఉన్నదా పోయినదా అని.

పెడ అను మాట దీనికంటె కఠినమైనది. పెడ అనగా వెనుక ప్రక్క, విముఖము. పెడమొగము పెట్టినవాడు మనలను చూడనొల్లడు. పెడచెవిని పెట్టినవాడు విననొల్లడు. పెడదారి పట్టినవాడు త్రోవ తెలియక పోయినవాడు కాడు, తెలిసియు ముఖము త్రిప్పుకొని పోయినవాడు. చూచితిరా, తప్పిపోయినవానికిని పెడదారి పట్టినవానికిని నడుమ ఎంత దూరమున్నదో! మొదటివాడు దారి చూపుడని అడుగును. రెండవవాడు అడుగడు.

ఇక చుట్టు అను మాటలో ఏ నిందయు లేదు. పైగా అందులో ఒక ఆప్యాయత యున్నది. చుట్టుప్రక్కలవారు, చుట్టపువారు అను మాటలు అక్కడనుండి వచ్చినవే. మన చుట్టును ఉండువాడే చుట్టము. తమిళములో కూడ చుట్టుటకును బంధువర్గమునకును ఒకే మూలమున్నది. చుట్టుదారిన పోవువాడు నాలుగు ఊళ్లు చూచును, నలుగురిని పలుకరించును, ఒకరింట మంచినీళ్లు త్రాగును. సూటిగా పోయినవానికి ఊరు మాత్రమే దొరకును, చుట్టి పోయినవానికి చుట్టములును దొరకుదురు.

ప్రతి చుట్టుదారియు నిర్దోషమైనదని నేను చెప్పుట లేదు. రహదారి అను మాట చరిత్ర వినుడు. ఈ దినములలో అది పెద్ద రోడ్డునకు పేరు. పూర్వము అట్లు కాదు. అది పారశీకపు మాట. త్రోవను కాయుటకై వసూలు చేయు సుంకమునకును, త్రోవ దాటనిచ్చు అనుమతి చీటికిని ఆ పేరు చెల్లెను. కంపెనీవారి కాలములో సరకు ఒక చోటినుండి మరియొక చోటికి పోవునప్పుడు దారిలోని చౌకీలయొద్ద సుంకము చెల్లింపవలసి యుండెను. మద్రాసు రాజధానిలో ఈ లోపలి సుంకములు 1844లో రద్దు చేయబడినవి. సుంకము ఎగవేయగోరిన వర్తకుడు చౌకీ లేని త్రోవను వెదకెననుటలో వింత లేదు. అతడును చుట్టి పోయినవాడే. కాని తాను ఏ త్రోవన వచ్చినది అతడు ఎవరికిని చెప్పలేడు. ఇంటి వీధి వాకిలి విడిచి వెనుక దొడ్డిగుండ వచ్చినవానివలె అతడు దొడ్డిదారి మనిషి. కాబట్టి చుట్టుదారికి రెండు పరీక్షలున్నవి. చేరవలసిన చోటు మనస్సులో నిలిచియున్నదా? వచ్చిన త్రోవను పగటివేళ నలుగురిలో చెప్పగలడా?

మొదటి పరీక్షకు మంగళగిరియే మనకు సాక్ష్యమిచ్చుచున్నది. ఏనుగు పండుకొన్నట్లు కనబడు ఆ కొండ బయలునేల మీద దూరమునకే కానవచ్చును. దాని క్రింద 1807 నుండి 1809 వరకు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన 11 అంతస్తుల గాలిగోపురము నిలిచియున్నది. డొంకవెంట వచ్చు బండివానికి ఆ కొండ ఒకసారి కుడిప్రక్కను, ఒకసారి ఎడమప్రక్కను కనబడును. ఒక్కొక్క మలుపులో వీపు వెనుకకు కూడ పోవును. అయినను అతడు దారి తప్పలేదు, ఎందుకనగా కొండ ఎక్కడున్నదో అతనికి తెలియును. పొగమంచులో కొండ మరుగైనవాడు సూటిగా నడచినను తప్పిపోవును. చుట్టుదారికిని తప్పుదారికిని ఉన్న భేదము కాళ్లలో లేదు, కన్నులలో నున్నది.

చరిత్రలో ఇట్టి చుట్టుదారులు అనేకములు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరిరి. కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్లిరి. తిరుగు ప్రయాణములో ఆ త్రోవ పట్టక, గయ, కలకత్తా, పూరీల మీదుగా సముద్రతీరపు జిల్లాల వెంబడి వచ్చి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరిరి. ఏడాదికి పైగా సాగిన ఆ ప్రయాణము వలన మన భాషకు కాశీయాత్ర చరిత్ర అను గ్రంథము లభించినది. ఆయన వెళ్లిన త్రోవనే మరలి వచ్చియుండినయెడల ఆ పుస్తకములో సగము దేశము కనబడకపోయెడిది.

గుంటూరు సీమకు మరింత దగ్గరి సంగతి యొకటి చెప్పెదను. అమెరికాలోని లూథరన్ సంఘములవారు 1830ల చివరలో హిందూదేశపు మిషను పనికి పూనుకొన్నప్పుడు వారి మనస్సులో గుంటూరు లేదు. తిరునెల్వేలిలో పనిచేయుచుండిన రేనియస్ అను జర్మను మిషనరీకి సహాయము చేయవలెనని వారి యోచన. 1838లో రేనియస్ మరణించెను, ఆ యోచన చెదరిపోయెను. అప్పుడు వారు వేరొక చోటు వెదకవలసి వచ్చినది. వారు పంపిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1841లో బోస్టనులో ఓడ యెక్కి, కొలంబో చేరి, మద్రాసు, నెల్లూరుల మీదుగా 1842 జూలై 31న గుంటూరు ప్రవేశించిరి. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఆయనను ఆదరించి ఆ యూరనే పని ప్రారంభించునట్లు చేసిరి.

ఆయన తరువాతి బ్రదుకు కూడ సూటిగా సాగలేదు. ఆరోగ్యము చెడి అమెరికాకు మరలిపోయిరి. అక్కడ ఊరకుండక వైద్యములో పట్టా పుచ్చుకొని మరల వచ్చిరి. 1849లో పల్నాటిలోని గురజాలకు కాపురము మార్చిరి. 1857లో హిందూదేశము విడిచి వెళ్లి, అమెరికాలోని మినెసోటా సీమలో పనిచేసిరి. రాజమహేంద్రవరపు మిషను ఇతరుల చేతికి పోవుచున్నదని విని, 76 ఏండ్ల ప్రాయములో 1869లో మరియొకసారి సముద్రము దాటి గోదావరి ఒడ్డునకు వచ్చిరి. ఈ రాకపోకలను పటముమీద గీసిన యెడల మన డొంకకంటె ఎక్కువ వంకరలు కనబడును. ఆయనను దారి తప్పినవాడని ఎవరైన అందురా? తిరునెల్వేలికని వేసిన బాట గుంటూరులో తేలినది. చెడిన ఆరోగ్యము వైద్య విద్యకు త్రోవ చేసినది.

నిర్గమకాండము 13వ అధ్యాయములో కూడ ఇట్టిదే యొక ప్రయాణమున్నది. ఐగుప్తు నుండి కనానునకు ఫిలిష్తీయుల దేశపు దారి దగ్గరిది. దేవుడు ప్రజలను ఆ దారిన నడిపింపలేదు. యుద్ధము చూచి వారు వెనుకకు మరలుదురేమోయని ఎఱ్ఱసముద్రపు అరణ్యమార్గమున చుట్టు త్రిప్పెను. ఆ చుట్టుదారికి కారణము కోపము కాదు, వారి బలహీనతమీది జాలి. తరువాత వారి అవిధేయతవలన 40 సంవత్సరములు తిరుగుట వేరు సంగతి. ఒకే అరణ్యములో మొదట చుట్టుదారియు, తరువాత తప్పుదారియు కనబడుచున్నవి. ఇసుక ఒక్కటే, అడుగులు ఒక్కటే. మనస్సు గురి విడిచినచోటనే భేదము వచ్చినది.

చివరకు మళ్లుట అను మాట. మన రైతు రోజును వాడు మాట యిది. మేత మేయుచు ప్రక్క చేనిలో పడబోవు పశువును మళ్లించును. కాలువలోని నీటిని మడిలోనికి మళ్లించును. మళ్లించుట అనగా కొట్టుట కాదు, ఆపివేయుటయు కాదు. నడుచుచున్నదానికి వేరు ముఖము చూపుట. ఈ సీమకు ప్రాణము పోసినది అట్టి మళ్లింపే. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందన కరువును జనులు డొక్కల కరువనిరి. గుంటూరు జిల్లాలో 5 లక్షల జనులలో సుమారు 2 లక్షలమంది నశించిరని అంచనా. ప్రక్కననే కృష్ణ నిండుగా ప్రవహించి సముద్రమున కలియుచుండెను. నది తన సూటిదారిని తాను పోవుచుండెను, జనులు చచ్చుచుండిరి. పిమ్మట సర్ ఆర్థర్ కాటనుగారి ప్రోత్సాహముతో, కెప్టెను ఓర్ గారి ఆధ్వర్యమున, 1852 నుండి 1855 వరకు బెజవాడకును మంగళగిరికి చేరువనున్న సీతానగరమునకును నడుమ ఆనకట్ట కట్టబడెను. 1952లో ఆ ఆనకట్టకు గండి పడగా, 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానమును పుచ్చుకొనెను. నీరు మళ్లి డెల్టా పొలములలో ప్రవేశించెను. తన దారి విడిచిన నీరే అన్నమాయెను.

మనుష్యుని విషయములోను ఈ మాటయే చెల్లును. పశ్చాత్తాపమునకు పాత నిబంధనలో వాడబడిన హెబ్రీ మాటకు తిరుగుట, మరలి వచ్చుట అని అర్థము. దారి తప్పినవానికి కావలసినది నింద కాదు, మళ్లింపు. పశువును మళ్లించు బాలుడు దానికి ఎదురుగా పరుగెత్తి చేయి చాచును. దూరమున నిలిచి తిట్టిన యెడల పశువు మళ్లదు.

ఈ కాలములో బైపాసు అను మాట మన వాడుకలో చేరినది. 16వ నంబరు జాతీయ రహదారిమీద మంగళగిరి వైపు వచ్చువారు కాజ అను ఊరిని ఎరుగుదురు. అక్కడనుండి విజయవాడ నగరములోనికి పోకుండ, కృష్ణను దాటి, చిన్న అవుటపల్లి చేరునట్లు ఒక బైపాసు ఏర్పరచిరి. దానిగుండ పోవు లారీవానిని ఎవరును దారి తప్పినవాడని అనరు. నగరమును చుట్టి పోవుటయే తెలివి. గుండెకు రక్తము పోవు నాళము మూసికొనిపోయినప్పుడు వైద్యులు వేరు నాళముతో చుట్టుదారి వేయుదురు. దానికిని మన పల్లెలలో సయితము బైపాసు అనియే పేరు. ఆ చుట్టుదారిమీద ఒక ప్రాణము నడచుచుండును.

రోడ్డుకు, గుండెకు ఇచ్చిన ఈ మర్యాదను మనుష్యుని బ్రదుకునకు ఏల ఇయ్యకూడదు? తండ్రి మంచమెక్కగా చదువు మాని మగ్గములో కూర్చుండి, నాలుగేండ్లకు మరల పుస్తకము పట్టిన నేతపని కుఱ్ఱవానిని చూచి, వీడు దారి తప్పినాడని అనవచ్చునా? మిరప ధర పడిపోయి అప్పు తీర్చుటకు పట్టణమునకు కూలికి పోయి, మరల తన పొలమునకు వచ్చిన రైతు ప్రక్కదారి పట్టినవాడా? భర్త గతించిన పిదప పిల్లలతో పుట్టినింట తలదాచుకొని, మెల్లగా తన కాళ్లమీద నిలిచిన స్త్రీ త్రోవ తప్పినదా? వారు డొంకవెంట వచ్చినవారు. కొండను కన్ను విడువక వచ్చినవారు. మరి లంచమిచ్చి ఉద్యోగము సంపాదించి, ఎవని బిడ్డకు దక్కవలసిన స్థానమునో తొక్కి ముందుకు పోయినవానిని సమర్థుడని, తెలివిగలవాడని పొగడుచున్నాము గదా! అతడు వచ్చినది మిరపతోట నడిమినుండి.

ప్రియ చదువరీ, రేపు నీ నోట దారి తప్పినాడను మాట వచ్చునప్పుడు ఒక్క నిమిషము ఆగుము. ఆ మనిషి గురి పోయినదా, దూరము మాత్రమే పెరిగినదా అని విచారించుము. దూరము పెరిగినవానికి చుట్టుదారి అను చల్లని మాట నిమ్ము, వీలైన కుండలోని మంచినీళ్లిమ్ము. గురి పోయినవానికి ఎదురుగా నడచి చేయి చాపుము. ముఖము త్రిప్పుకొనిన వానికొరకును వాకిలి తెరచియుంచుము. నీ సొంత బ్రదుకు తిరుగుచున్న డొంకవలె తోచినప్పుడు మలుపులను లెక్కపెట్టి దిగులుపడకుము. తల యెత్తి కొండ ఎక్కడున్నదో చూచుకొనుము. అది కనబడుచున్నయెడల నడువుము.